మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పొలం గురించి ఏం చేయించాలి?

మీరు అడిగింది ఇదీ: కర్నూల్లో కొత్తగా ప్లేస్కూల్ పెట్టారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు ఇరవై మంది, టీచర్లు ఇద్దరు. జూలైలో ఒక వారం 'ఫార్మ్ థీమ్' పెడదామని ఆన్‌లైన్లో కిట్ తెప్పించారు. అందులో ఎర్ర చెక్క కొట్టం, గులాబీ రంగు పందులు, టర్కీ కోడి, రంగులు వేసే షీట్లు వచ్చాయి. వీటితో వారం ఎలా నడపాలి, తక్కువ ఖర్చులో ఇంకేం చేయించవచ్చు, పిల్లల్ని పొలానికి తీసుకెళ్లాలా వద్దా, ఇద్దరు టీచర్లు సరిపోతారా అన్నారు.

నేను అనంతపురంలో చిన్నపిల్లల బడి నడుపుతున్నా. అంతకుముందు చాలా ఏళ్లు పల్లెలో అంగన్‌వాడీలో పనిచేశా. ఆ రెండు చోట్లా చూసింది పెట్టుకుని చెప్తా.

వారం వద్దు. ఒక పంట, ఒక జంతువు పెట్టుకోండి, పంట చేతికొచ్చేదాకా దాంతోనే ఉండండి. రోజుకు పావుగంటో, అరగంటో చాలు. మిగతా టైంలో మీ మామూలు కార్యక్రమాలు జరుగుతూనే ఉంటాయి. పొలానికి తీసుకెళ్లండి, కానీ మొదట్లో కాదు, చివర్లో. కిట్ పారేయక్కర్లేదు, అసలు వస్తువు చేత్తో పట్టుకున్నాక బొమ్మలు బయటికి తీయండి.

ఒక్క వారంలో ఆవు, కోడి, గొర్రె, ట్రాక్టరు, వరి, టమాటా, తేనెటీగ అన్నీ చూపిస్తే పిల్లలకు పేర్లు వస్తాయి, అంతకు మించి ఏమీ రాదు. పేర్లు రావడం తప్పు కాదు గానీ, అది పొలం పాఠం కాదు. చార్టులో కోడి, కుక్క, ఆవు, ఏనుగు అన్నీ ఒకే సైజు గళ్లలో ఉంటాయి. చార్టు మీద వేలు పెట్టి 'బఫెలో' అని గడగడా చెప్పే పాప మా బడిలో ఒకామె ఉండేది. ఒకరోజు గేటు ముందు నుంచి ఎనుముల మంద పోతోంది. ఆ పాప నా కొంగు పట్టుకుని వెనక్కి దాక్కుని, "మేడం, ఇదేంది ఇంత ఉంది?" అనింది. ఈ వయసు పిల్లలు వస్తువు నుంచి బొమ్మకు పోగలరు. బొమ్మ నుంచి వస్తువుకు పోవడం వాళ్లకు చాలా కష్టం. అందుకే వరస మార్చమంటున్నా.

ఇక ఏ పంట అనేది. మీది కర్నూలు కాబట్టి ఉల్లిగడ్డ పెట్టొచ్చు. మార్కెట్ యార్డుకు లోడ్ల కొద్దీ వస్తుంది, ప్రతి ఇంట్లో ఉంటుంది, నీళ్ల గ్లాసు మీద పెడితే రెండు మూడు రోజుల్లో వేర్లు దిగుతాయి. కానీ నా ఓటు శెనక్కాయకే, అంటే వేరుశనగకు. మన కర్నూలు, అనంతపురం వైపు దానికి మించిన పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు. గింజ పెద్దది, చిన్న వేళ్లకు దొరుకుతుంది. వానాకాలం వేడిలో వారం లోపే మొలుస్తుంది. నెల తిరిగేసరికి పసుపు పూలు పూస్తుంది. పూలు తెల్లారి విచ్చుకుంటాయి, సాయంత్రానికి వాడిపోతాయి, కాబట్టి పిల్లలు బడికి వచ్చీ రాగానే చూపించాలి.

అసలు విశేషం ఆ తర్వాత. వాడిన పూవు మొదట్లోంచి సన్నగా ఒక ఊడ బయలుదేరి కిందికి వంగుతుంది, నేలలోకి గుచ్చుకుంటుంది. దాని కొస లోపల కాయ అవుతుంది. పూసేది పైన, కాసేది కింద. పెద్దవాళ్లలోనే చాలామంది ఇది వేరుకు కాస్తుందనుకుంటారు. నాలుగేళ్ల పిల్లాడు రోజూ వంగి చూస్తూ, "మేడం, పూవు మట్టిలోకి పోతాంది!" అని అరిచిన రోజున మీకు వేరే లెసన్ ప్లాన్ అక్కర్లేదు.

విత్తడం ఎలాగో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు.

అడుగు లోతుండే టబ్బు గానీ, సిమెంటు తొట్టి గానీ, రెండు మూడు గోతాలు గానీ తీసుకోండి. అడుగున చిల్లులు ఉండాలి. కర్నూలు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి దొరుకుతుంది. అది ఒట్టిదే వేస్తే ఎండినప్పుడు బిగుసుకుపోయి ఊడలు దిగవు. సగానికి సగం ఇసుక, గుప్పెడు పశువుల ఎరువు కలపండి. ఎర్రమట్టి దొరికితే ఇంకా మంచిది. గింజ రెండు అంగుళాల లోతున, జానెడు ఎడంతో ఒకటొకటి వేయించండి. విత్తనాల అంగట్లో గింజలు కొనకండి. అక్కడ అమ్మేవాటికి తెగుళ్ల మందు పట్టించి ఉండొచ్చు. ఒక్కోసారి రంగు తెలుస్తుంది, ఒక్కోసారి తెలీదు. రైతు దగ్గరో సంతలోనో వేయించని ఎండు కాయలు కొని పిల్లలతోనే ఒలిపించండి. పైన ఎర్రపొర ఊడని నిండు గింజలు ఏరండి, పొర పోయినవి సరిగా మొలవవు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన రకాలే మన దగ్గర ఎక్కువ సాగులో ఉన్నాయి, వాటిలో కదిరి-6 లాంటి గుత్తి రకం (పాకకుండా గుబురుగా పెరిగేది) దొరికితే తొట్టికి సరిపోతుంది. పంట చేతికి రావడానికి సుమారు నూటపది రోజులు. జూలై మొదటి వారంలో వేస్తే అక్టోబరు చివరికి పీకొచ్చు. మధ్యలో దసరా సెలవులు పడతాయి. ఆ రోజుల్లో నీళ్లు పోసే మనిషిని ముందే మాట్లాడుకోండి, సెలవుల నుంచి వచ్చేసరికి ఎండిపోయిన చెట్లు చూస్తే పిల్లలు దిగులు పడిపోతారు.

'ఒక్కో పిల్లకు ఒక్కో కప్పు, దాని మీద పేరు' అనే పద్ధతి మీరు చూసే ఉంటారు. ఫొటోకి బాగుంటుంది. నేను చేయించను. ఇరవై కప్పుల్లో మూడో నాలుగో మొలవవు, ఆ పిల్లలు పక్కవాళ్ల కప్పు చూసి ఏడుస్తారు, సాయంత్రం తల్లులు వచ్చి అడుగుతారు. అందరికీ కలిపి ఒకే తొట్టి పెట్టండి. దానికి తోడు గాజు గ్లాసుకు లోపలి అంచున తడి దూది పెట్టి, దూదికీ గాజుకూ మధ్య నాలుగు అలసంద గింజలు దోపండి. మట్టిలో ఏం జరుగుతుందో ఆ గ్లాసులో కనిపిస్తుంది. ఇంకో పక్క ట్రేలో మెంతులు చల్లండి. మూడు రోజుల్లో మొలకొస్తుంది, రెండు మూడు వారాల్లో కోసి పప్పులో వేసుకోవచ్చు. శెనక్కాయకు ఆగాల్సిన ఓపిక మెంతులు ఇస్తాయి. కొత్తిమీర మాత్రం మొదట్లో వద్దు. ధనియాలు నలిపి వేసినా వారం పది రోజులు ఏమీ కనపడదు, పిల్లలు గింజలు తవ్వి చూస్తారు.

మొక్క పెరుగుతుంటే రోజూ ఏం చేయాలి? దీనికి కిట్ అక్కర్లేదు, వంటింట్లో ఉన్నవే చాలు.

ఒలవడం. ఎండు కాయల గంప మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోబెట్టండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కి కాయ పగలగొట్టడం పెన్సిల్ పట్టే వేళ్లకు మంచి కసరత్తు. మొదట్లో కాయ కొస కొంచెం చిట్లించి ఇవ్వండి. ఒలిచాక లెక్క దానంతట అదే వస్తుంది: ఒక్క గింజ కాయలు ఇటు, రెండు గింజలవి అటు, మూడు గింజలవి ఇంకోవైపు. మూడు గింజల కాయ దొరికినవాళ్లు గంతులేస్తారు. ఆ డొప్పల్నే అట్ట మీద వరసలుగా అంటిస్తే ఏ వరస పొడుగో చూసి చెప్తారు. ఎక్కువ, తక్కువ, సమానం అనే మూడు మాటలూ అక్కడే వచ్చేస్తాయి, మీరు వర్క్‌షీట్ ముట్టుకోకుండానే.

చెరగడం. చిన్న చేటలు సంతలో దొరుకుతాయి. పొట్టూ గింజా కలిపి ఇచ్చి ఎగరేయమనండి. సగం నేలపాలవుతుంది, కానివ్వండి. గాలికి పొట్టు ఎందుకు పోతుంది, గింజ ఎందుకు పడుతుంది అని మీరు అడగొద్దు, వాళ్లే అడుగుతారు. ఒక పిల్లాడు చేట వదిలేసి నోటితో ఊది పొట్టు ఎగరగొట్టాడు, మిగతా అందరూ చేటలు కింద పెట్టి ఊదడం మొదలుపెట్టారు. ఆ పూట నేను ఇంకేం చెప్పలేదు.

రెండు మట్లు. రెండు నీళ్ల సీసాలు అడ్డంగా కోసి, మూత వైపు తలకిందులు చేసి, మూతకు చిల్లులు పెట్టండి. ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో నల్లమట్టి నింపి ఒకే గ్లాసు నీళ్లు పోయండి. ఇసుక కలిసిన ఎర్రమట్టిలోంచి నీళ్లు గబగబా కారిపోతాయి. నల్లమట్టి నీళ్లు పట్టుకుని ఒక్కో చుక్కే వదులుతుంది. తర్వాత రెండింటితోనూ ఉండ చేయమనండి. నల్లమట్టి ఉండ నిలుస్తుంది, ఎర్రది రాలిపోతుంది. మరుసటి రోజు ఎండలో పెడితే నల్లమట్టి పలక నెర్రెలు విచ్చుతుంది. ఐదేళ్ల పిల్లలు దీన్ని మూడు రోజులు వదలకుండా చూస్తారు, మూడేళ్ల వాళ్లు మాత్రం మట్టి పిసుక్కుంటూ కూర్చుంటారు. రెండూ సరే.

ఎద్దులు చేయడం. ఇది జూన్, జూలైకి బాగా కుదురుతుంది. జ్యేష్ఠమాసంలో ఏరువాక పున్నమికి మన రైతులు ఎద్దులకు కొమ్ములు రంగులేసి పూజ చేస్తారు. కర్ణాటక సరిహద్దున ఆదోని వైపు పల్లెల్లో ఆ తర్వాత వచ్చే అమావాస్యకు ఇళ్లలో మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు. పిల్లలకు నల్లమట్టి ఇచ్చి ఎద్దును చేయమనండి. నాలుగు కాళ్ల మీద నిలబెట్టడమే పెద్ద లెక్క. కాళ్లు సన్నగా చేస్తే వంగిపోతాయి, లావుగా చేస్తే నిలుస్తాయి. మీరు చేసి చూపించకండి. చూపించారంటే ఇరవై మందీ మీ ఎద్దునే చేస్తారు.

వేలం ఆట. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు వేలం వేసినట్టు ఆడించండి. ఒకరు రైతు, ఒకరు పాట పాడేవాళ్లు, మిగతావాళ్లు కొనేవాళ్లు. తక్కెడ, ఖాళీ సంచులు, చిన్న కాగితం ముక్కలు డబ్బు. ఐదేళ్ల వాళ్లు 'పది!', 'పన్నెండు!', 'వంద!' అంటూ ఇష్టమొచ్చిన అంకెలు అరుస్తారు, అంకెల వరస తప్పినా ఆపకండి. "ఇంత తక్కువకు నేను ఇయ్యను పో" అని గంప ఎత్తుకుని పోయిన పాపను నేను చూశా. ఇంట్లో ఏం వింటున్నారో ఆటలో వస్తుంది.

పాత పల్లె బొమ్మే చూపించాలని పట్టుబట్టకండి. మడక (నాగలి), కాడిమాను చూపిస్తే మంచిదే, కానీ ఇప్పటి పిల్లలు చూసే పొలంలో బోరు, డ్రిప్ పైపులు, ట్రాక్టరు, మందు కొట్టే డ్రమ్ము ఉంటాయి. పాత డ్రిప్ పైపు ముక్క ఒకటి తెచ్చి పంపుకు తగిలించండి. చిల్లులోంచి చుక్కచుక్కగా నీళ్లు పడటం చూసి వాళ్లు మొక్క మొదలు వెతుక్కుంటారు. అనంతపురం లాంటి వాన తక్కువ జిల్లాలో నీళ్లు ఎందుకు అలా కొలిచి ఇస్తారో ఆ పైపు ముక్కే చెప్తుంది.

ఇంకో మాట, ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. మీ పిల్లల తల్లిదండ్రుల్లో పొలం పని తెలిసినవాళ్లు తప్పకుండా ఉంటారు. అడ్మిషన్ ఫారంలో 'ప్రైవేటు జాబ్' అని రాసినా, తల్లి కూలికి పోతూ ఉండొచ్చు. ఆమెను విడిగా, మర్యాదగా అడగండి, "ఒక పూట వచ్చి మా పిల్లలకు కలుపు తీయడం చూపిస్తారా అక్కా" అని. మా బడికి అలా వచ్చినామె కలుపు తీసే తొలిక తెచ్చుకుంది. తొట్టి ముందు కూర్చుని, ఏది శెనక్కాయ చెట్టు, ఏది గడ్డి అని ఆకులు పట్టించి చూపించింది. శెనక్కాయకు ఒక్కో కాడకు నాలుగు ఆకులు జతలుగా ఉంటాయని, రాత్రిపూట ముడుచుకుంటాయని చెప్పింది. ఆమె కొడుకు అప్పటిదాకా క్లాసులో నోరు విప్పేవాడు కాదు. ఆ పూటంతా "మా అమ్మకు అన్నీ తెలుసు" అని తిరిగాడు. ఆమెకు ఆ పూట కూలి డబ్బు మీరు ఇవ్వాలి. ఊరికే రమ్మనకూడదు.

జంతువు విషయానికి వస్తే, మేకపిల్ల గానీ పొదిగే కోడి గానీ ఎంచుకోండి. మేకపిల్ల అయితే తెలిసిన కాపరి దగ్గర నుంచి ఒక గంట సేపు తెప్పించుకుంటే చాలు. తల్లి మేక కూడా వస్తే పిల్ల బెదరదు. ఒకసారికి నలుగురు పిల్లలు, కూర్చుని, అరచేత్తో వీపు మీద నిమరడమే. ఎత్తుకోవడం లేదు, మూతి దగ్గర ముఖం పెట్టడం లేదు. అవిశాకు, వేపమండ లాంటివి తెచ్చి పెట్టమనండి, ఏది ముందు తింటుందో చూసి చెప్తారు. తర్వాత ప్రతి ఒక్కరికీ సబ్బుతో చేతులు కడిగించాలి. శానిటైజర్ రాస్తే సరిపోదు, పేడ, మట్టి అంటిన చేతులకు సబ్బూ నీళ్లే.

పొదిగే కోడి ఎవరింట్లో ఉన్నా అదృష్టమే. గుడ్లు పెట్టి పొదిగించిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు. గోడ మీద ఇరవై ఒక్క గళ్లు గీసి రోజుకొక గడికి రంగు వేయించండి. ఇంకా ఎన్ని గళ్లు మిగిలాయో లెక్కపెట్టడం కోసం పొద్దున్నే పరుగెత్తుకొస్తారు. కొన్ని గుడ్లు పొదగవని ముందే చెప్పి ఉంచండి. వీధుల్లో రంగులు పూసి అమ్మే కోడిపిల్లల్ని మాత్రం కొనొద్దు. అవి ఎక్కువ రోజులు బతకవు, పిల్లలకు మీరు చూపించేది చావే అవుతుంది.

రబ్బరు గ్లౌజులో నీళ్లు నింపి వేళ్లకు చిల్లులు పెట్టి పాలు పితికించే ఆట కిట్లో ఉండే ఉంటుంది. చేయించండి, నవ్వుకుంటారు. ఒక పూటకు మించి పని లేదు.

పిల్లలు ఖాయంగా ఒక ప్రశ్న వేస్తారు: "మేడం, ఈ మేకను కోసి తింటారా?" ఆదివారం ఇంట్లో మటన్ వండుకునే పిల్లా, అసలు తినని ఇంటి పిల్లా పక్కపక్కనే కూర్చుని ఉంటారు. మాట మార్చకండి. "కొంతమంది ఇళ్లలో తింటారు, కొంతమంది తినరు. మేకల్ని పాల కోసం, మాంసం కోసం పెంచుతారు" అని చెప్పి ఆగిపోండి. ఇంకా అడిగితే అంతే చెప్పండి. అబద్ధం చెప్పి తర్వాత దొరికిపోయే కన్నా ఇది నయం. ఏ ఇంటినీ తక్కువ చేసినట్టు అవ్వకుండా చూసుకోవడమే మీ పని.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి మాత్రం ఒక్కటీ వదలొద్దు.

గట్టి శెనక్కాయ గింజలు పిల్లల నోట్లో పెట్టనివ్వొద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు గొంతులోనో ఊపిరితిత్తుల దారిలోనో ఇరుక్కునే వస్తువుల్లో ఇదొకటి. ఒలిచే పని పెట్టినంతసేపూ ఒక పెద్దమనిషి అక్కడే కూర్చోవాలి, అటు ఫోన్ వచ్చినా లేవకూడదు. తినిపించాలంటే మెత్తగా నూరి, సంగట్లోకి ఊరిబిండి (శెనక్కాయ పచ్చడి) చేసి పెట్టండి, కారం బాగా తగ్గించి. శెనక్కాయలు పడని పిల్లలు ఉంటారేమో మొదలుపెట్టక ముందే తల్లిదండ్రులతో రాతపూర్వకంగా కనుక్కోండి. దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం ఇంతకుముందు వచ్చి ఉంటే ఆ క్లాసులో శెనక్కాయే వద్దు, ఉల్లిగడ్డో అలసందో పెట్టుకోండి.

గింజలు వేరు చేసే ఆట అందరూ పెడతారు: కందులు, శనగలు, పెసలు, జొన్నలు. మూడేళ్ల పిల్లలు చిన్న గింజల్ని ముక్కులోకి, చెవిలోకి దూర్చుకుంటారు. వాళ్లకు పెద్ద చిక్కుడు గింజలు, కాయలు ఇవ్వండి, చిన్నవి పెద్దపిల్లలకు. గింజ ముక్కులో పోతే పిన్నీసుతో, అగ్గిపుల్లతో తీయబోకండి, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తడి తగిలితే గింజ ఉబ్బుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

రంగురంగుల గింజలని పిల్లలే ఏరుకొచ్చేవి కొన్ని విషం: ఆముదం గింజలు, అడవి ఆముదం కాయలు, గురివింద గింజలు, ఉమ్మెత్త కాయలు, పచ్చగన్నేరు కాయలు. మన దగ్గర ఆముదం చేను గట్ల మీద, గురివిందలు కంచెల్లో కనపడతాయి. దండలు గుచ్చడానికీ, బొమ్మలకు కళ్లు పెట్టడానికీ గురివింద వాడటం నేను చాలా చోట్ల చూశా, అది మానాలి. ఇంకోటి, పురుగుమందు ఖాళీ డబ్బాలు. కడిగి మొక్కలకు నీళ్లు పోసుకోవడానికి వాడేవాళ్లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. బడిలోకి అలాంటి డబ్బా ఒక్కటి కూడా రాకూడదు, ఎంత కడిగినా సరే.

పొలానికి పోవడం గురించి. అక్టోబరు చివర్లో, నవంబర్లో శెనక్కాయ పీకే రోజుల్లో పెట్టుకోండి. మార్చి దాటాక కర్నూలు ఎండలో చిన్నపిల్లల్ని బయట తిప్పడం పనికిరాదు. పొద్దున ఏడున్నరకు చేరి తొమ్మిదిన్నరకల్లా తిరిగి బయలుదేరేలా చూసుకోండి. ముందురోజు మీరొక్కరే వెళ్లి చూసి రండి. బావికి గోడ ఉందా, నీటికుంటకు కంచె ఉందా, మోటారు స్టార్టరు పెట్టె మూసి ఉందా, తీగలు కింద వేలాడుతున్నాయా, ఎద్దుల్ని ఎక్కడ కట్టేస్తారు. ఇవి సరిగా లేకపోతే ఆ రైతు ఎంత మంచివాడైనా ఆ పొలం వద్దు. ఈమధ్య మందు ఎప్పుడు కొట్టారని తప్పకుండా అడగండి, కొట్టి ఎక్కువ రోజులు కాకపోతే వాయిదా వేయండి. గడ్డివామి దగ్గర ఆడనివ్వొద్దు, పాములు, తేళ్లు ఉంటాయి. చెప్పులు కాదు, మూసిన బూట్లు. పల్లేరు కాయలు బూటుకు గుచ్చుకుంటేనే ఏడుపు, కాలికి గుచ్చుకుంటే ఆ పూట అయిపోయినట్టే.

రైతును పిల్లలకు ఉపన్యాసం ఇవ్వమనకండి. రెండు పనులు చాలు: ఒక్కొక్కరు ఒక్కో చెట్టు పట్టి పీకడం, పీకినవి గంపలో వేసుకుని ఇద్దరిద్దరుగా వామి దాకా కాదు, గట్టు దాకా మోయడం. మూడు నెలలు తొట్టిలో చూసిన పిల్లలు చెట్టు పీకగానే కింద కాయల గుత్తి వేలాడితే ఎగిరి గంతేస్తారు. చూడకుండా వచ్చినవాళ్లు దుమ్ము దులుపుకుని బస్సెప్పుడంటారు. పొలం చివర్లో చూపించమన్నది అందుకే. ఇరవై మంది తొక్కితే కొంత పంట పోతుంది, దానికి లెక్క కట్టి రైతుకు డబ్బు ఇచ్చి రండి. చీనీ (బత్తాయి) తోట అయితే ముళ్లుంటాయి, ఈ వయసుకు వద్దు. రిసార్టుల్లో పెట్టే 'ఫార్మ్ టూర్' మీద డబ్బు పెట్టకండి, అక్కడ కుందేళ్లు, గుర్రం తప్ప పొలం ఉండదు.

తల్లిదండ్రులు నెల తిరక్కుండానే, "ఎప్పుడు చూసినా మట్టేనా, ఏబీసీడీలు చెప్పరా?" అంటారు. నన్నూ అడిగారు, ఇప్పటికీ అడుగుతారు. 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటతో, వస్తువులతో చదువు అంటోందని చెప్పొచ్చు, కొందరు దానికి సమాధానపడతారు. ఎక్కువమందికి పనిచేసేది మాత్రం గోడ. వారానికోసారి పిల్లలే మొక్కను గీసిన బొమ్మ, కింద వాళ్లు చెప్పిన మాట మీరు రాసింది, తేదీ వేసి వరసగా అంటించండి. జూలైలో రెండు గీతలు, సెప్టెంబరులో ఆకులు, పూలు, కిందికి దిగే ఊడ. ఏ తల్లయినా ఆ వరస చూస్తే ఇంక మట్టి గురించి మాట్లాడదు.

మీ కిట్ సంగతి. ఎర్ర కొట్టం, టర్కీ కోడి పెద్దగా పనికిరావు, కానీ పారేయక్కర్లేదు, కట్టే ఆటల అరలో పడేయండి. ఆవు, మేక, కోడి, కుక్క బొమ్మల్ని తల్లీ పిల్లా జతలు కలపడానికి వాడుకోండి. రంగులు వేసే షీట్ల వెనక తెల్లగానే ఉంటుంది కదా, బొమ్మలు గీయడానికి ఇవ్వండి.

చివరగా, ఇద్దరు టీచర్లు సరిపోతారా అన్నారు. బడి లోపల పనులకు సరిపోతారు, క్లాసును రెండుగా చేసి ఒక గుంపుకు తొట్టి, ఇంకో గుంపుకు మామూలు ఆటలు పెడితే. పొలానికి మాత్రం సరిపోరు. నలుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి, అంటే మీకు ఐదుగురు కావాలి. మిగతా ముగ్గుర్ని తల్లులు, నాయనమ్మల్లోంచి పిలవండి. పొలం పని తెలిసినవాళ్లనే పిలవండి, పిల్లలు ఏ చెట్టు కింద చెయ్యి పెట్టకూడదో వాళ్లకు మనకన్నా ముందే తెలుస్తుంది.